వేలి కొసన మచ్చ, గుండెలో గడ్డ

సమస్య: వేలి కొసల్లో, అరికాళ్లలో ఊదారంగు మచ్చలు. నొక్కితే నొప్పి. నాలుగు రోజులకు మాయమై ఇంకో వేలికి వస్తాయి. గోరు కింద పుడక గుచ్చుకున్నట్టు నిలువుగా ఎర్ర గీత. కాళ్ల మీద వల పరిచినట్టు నీలి చారలు. తోడుగా సన్నజ్వరం, తగ్గుతున్న బరువు, పెరిగిన ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపును సూచించే రక్తపరీక్ష).

దారి తప్పేది ఇక్కడే. ఇదంతా అచ్చం రక్తనాళాలు వాచే జబ్బు వాస్కులైటిస్‌లా ఉంటుంది. స్టిరాయిడ్లు వాడితే జ్వరం తగ్గొచ్చు కూడా, అసలు కారణమైన గుండెలోని గడ్డ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అందుకే స్టిరాయిడ్ కంటే ముందు ఎకో (గుండె అల్ట్రాసౌండ్ స్కాన్) తీయించాలంటాను.

కారణం: మిక్సోమా. పెద్దవాళ్ల గుండెలోనే పుట్టే గడ్డల్లో ముఖ్యమైనది, క్యాన్సర్ కాదు. నాలుగింట మూడు వంతులు ఎడమ కర్ణికలో, మధ్య గోడకు కాడతో వేలాడుతుంటాయి. కొన్ని జిగురుగా, పొడిపొడిగా రాలేలా ఉంటాయి. ఊడిన ముక్క వేలి సన్న నాళంలో ఇరుక్కుంటే మచ్చ, మెదడులో ఇరుక్కుంటే పక్షవాతం. జ్వరానికి కారణం గడ్డ వదిలే ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనం.

పరిష్కారం: మచ్చ కనబడగానే ఫోన్‌లో ఫొటో తీసుకోండి, డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి అది ఉండకపోవచ్చు. ఈసీజీ నార్మల్ అని ఊరుకోవద్దు, గడ్డను చూపించేది ఎకో. స్పష్టత రాకపోతే అన్నవాహికలోంచి తీసే ఎకో, ఎంఆర్‌ఐ. గుండె కవాటాల ఇన్ఫెక్షన్‌లోనూ ఇవే మచ్చలు వస్తాయి కాబట్టి బ్లడ్ కల్చర్ తప్పదు. చర్మం బయాప్సీ పైపైన తీస్తే నాళంలోని ముక్క దొరక్కపోవచ్చు. గడ్డ తేలితే ఆపరేషన్‌ను వాయిదా వేయరు. స్టాక్‌హోమ్‌లో సర్జన్ క్రాఫోర్డ్ 1954లో దీన్ని తీసి చూపించాడు. ఈలోగా మాట తడబడినా, చెయ్యి పడిపోయినా నేరుగా ఎమర్జెన్సీకే.

సమస్య: పెదవుల అంచున, కనురెప్పల మీద, కంటి తెల్లగుడ్డు మీద గోధుమరంగు చుక్కలు, నీలి పుట్టుమచ్చలు, రెప్ప మీదో చెవిలోనో మెత్తటి బుడిపెలు.

కారణం, పరిష్కారం: కార్నీ కాంప్లెక్స్ అనే జన్యు జబ్బు కావచ్చు. 1985లో గుర్తించారు, ఎక్కువమందిలో లోపం పీఆర్‌కేఏఆర్1ఏ జన్యువులో. ఇందులో మిక్సోమా ఏ గదిలోనైనా రావచ్చు, తీసేశాక మళ్లీ రావచ్చు. కాబట్టి ఏటా ఎకో, రక్తసంబంధీకులకూ పరీక్ష.

సమస్య: పసిబిడ్డ ఒంటి మీద ఆకు ఆకారంలో తెల్లమచ్చలు.

ఒకటీ అరా చాలామందికి ఉంటాయి. మూడో, అంతకన్నా ఎక్కువో ఉంటే, పైగా ఫిట్స్ వస్తుంటే ఒంట్లో పలుచోట్ల గడ్డలు పెంచే జన్యు జబ్బు ట్యూబరస్ స్క్లెరోసిస్‌ను అనుమానించాలి. తెల్లచర్మంలో మచ్చ తేలకపోతే వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం వెలుగులో చూస్తారు. ఎకోలో రాబ్డోమయోమా అనే గుండె కండర గడ్డ కనిపిస్తే కంగారొద్దు. రక్తప్రవాహానికి అడ్డుపడకపోతే, గుండె లయ తప్పకపోతే కత్తి పెట్టరు, చాలావరకు అవే కరిగిపోతాయి.