అమెరికా గ్రాంటుకు పేరు ఇచ్చేముందు: నెల్లూరు, ప్రకాశం పరిశోధకులు తీసుకోవలసిన జాగ్రత్తలు

కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో గానీ, ముత్తుకూరు మత్స్య కళాశాలలో గానీ, ఒంగోలులోని ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయంలో గానీ పనిచేసే అధ్యాపకులకు అమెరికా నుంచి ఆహ్వానం వస్తే అది చాలావరకు రొయ్యల జబ్బుల మీదో, వరి మీదో, తీరప్రాంతపు ఉప్పునీటి మీదో అయి ఉంటుంది. అక్కడి ప్రొఫెసరు తమ ప్రభుత్వ సంస్థకు ప్రపోజల్ పెడుతూ, ఇక్కడివారి పేరును సహపరిశోధకులుగా చేరుస్తారు. ఒకప్పుడు బయోడేటా పంపి ఊరుకుంటే చాలేది. ఇప్పుడు ఆ ఒక్క కాగితంతో పని జరగదు.

2021 జనవరిలో అమెరికా అధ్యక్షుడు జారీచేసిన జాతీయ భద్రతా మెమోరాండం 33, దాని వెనుక వచ్చిన 2022 నాటి చిప్స్ అండ్ సైన్స్ చట్టం కలిసి, ప్రభుత్వ నిధులు కోరే పరిశోధకులు పరిశోధన భద్రత శిక్షణ, అంటే పరిశోధన ఫలితాలు, సమాచారం దొంగతనానికీ దుర్వినియోగానికీ గురికాకుండా చూసుకునే శిక్షణ, పొంది ఉండాలన్న నియమాన్ని తెచ్చాయి. పరిశోధనలకు నిధులిచ్చే అక్కడి ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2024 జనవరిలో నాలుగు శిక్షణ మాడ్యూళ్లను అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టింది. పరిశోధన భద్రత అంటే ఏమిటి, ఏయే వివరాలు వెల్లడించాలి, ముప్పును ఎలా తగ్గించుకోవాలి, విదేశీ సహకారంలో ఎలా మెలగాలి అన్నవి వాటి విషయాలు. వాటి సారాన్ని కలిపి సుమారు గంటలో ముగిసేలా చేసిన మాడ్యూల్ కూడా తరవాత వచ్చింది. అక్కడి ఇంధన శాఖ 2025 మే 1 నుంచి ఈ శిక్షణను తప్పనిసరి చేసింది.

మొదటి జాగ్రత్త తేదీకి సంబంధించినది. ప్రపోజల్ సమర్పించే రోజుకు ముందు 12 నెలల లోపల శిక్షణ పూర్తయి ఉండాలి గనుక, రెండేళ్ల కిందటి సర్టిఫికెట్ చూపితే చెల్లదు. విదేశంలో పనిచేసే సహపరిశోధకులకు ఈ నియమం ఎంతవరకు వర్తిస్తుందన్నది నిధులిచ్చే ఏజెన్సీని బట్టి మారుతుంది. అందుచేత అవతలి విశ్వవిద్యాలయపు గ్రాంట్ల కార్యాలయాన్ని ఈమెయిల్‌లో అడిగి, జవాబును దాచుకోవాలి. ఫోనులో ‘మీకు అక్కరలేదు సార్’ అన్న మాటను నమ్ముకోకూడదు. గంట పనే కాబట్టి, అక్కరలేదన్నా చేసి ఉంచుకోవడమే మేలని నా అభిప్రాయం.

అసలు ఇబ్బంది శిక్షణలో లేదు, వెల్లడిలో ఉంది. బయోడేటాలో జీతం వచ్చే ఉద్యోగమే కాక, జీతం లేని గౌరవ పదవి, విజిటింగ్ హోదా, పార్ట్‌టైమ్ బాధ్యత అన్నీ రాయాలి. ప్రస్తుతం అందుతున్న, రాబోయే సహాయాన్ని చూపే పత్రంలో డబ్బుతో పాటు ఎవరైనా ఉచితంగా సమకూర్చిన పరికరం, ప్రయోగశాల, మనుషుల సాయం కూడా చేరాలి. మన వైపు ఇది అలవాటు లేని పని. ఒక హ్యాచరీకి మాటసాయంగా సలహాదారుగా ఉండడం, ఎక్కడో ఒక కళాశాల బోర్డులో పేరుండడం, సదస్సుకు పిలిచిన విదేశీ విశ్వవిద్యాలయం మర్యాద కోసం ఇచ్చిన విజిటింగ్ ప్రొఫెసర్ ఉత్తరం, వీటిని మనం పదవులుగానే లెక్కపెట్టం. నేనూ లెక్కపెట్టలేదు. ఒకసారి గడువుకు రెండు రోజుల ముందు పాత ఫైళ్లు తిరగేస్తుంటే అలాంటి ఉత్తరమే ఒకటి బయటపడింది. దాని మీద నేను ఒక్క పూట కూడా పనిచేయలేదు, ఒక్క రూపాయీ తీసుకోలేదు, అయినా అవతలివారు దాన్ని చేర్చి పత్రమంతా మళ్లీ తయారుచేయించారు. చేర్చినందుకు ఎవరూ ఏమీ అనలేదు. దాచి ఉంటే మాత్రం కథ వేరుగా ఉండేది, ఎందుకంటే ఆ పత్రాల మీద పెట్టే సంతకం ప్రమాణంతో సమానం, తెలిసి అబద్ధం రాస్తే అమెరికా చట్టంలో ఐదేళ్ల వరకు జైలు ఉంది.

‘దురుద్దేశపూరిత విదేశీ ప్రతిభా నియామక కార్యక్రమం’లో, అంటే పరిశోధనా రహస్యాలను రాబట్టడానికి మరో దేశం డబ్బో పదవో ఇచ్చి పరిశోధకులను చేర్చుకునే పథకంలో, లేనని కూడా ధ్రువీకరించవలసి ఉంటుంది. పేరు చూసి కంగారు పడనక్కరలేదు. ఆందోళనకర దేశాలుగా చిప్స్ అండ్ సైన్స్ చట్టం చెప్పినవి చైనా, రష్యా, ఇరాన్, ఉత్తర కొరియా. భారతదేశం వాటిలో లేదు. అయితే చైనాలోని ఏ సంస్థతోనైనా ఒప్పందం రాసుకున్నవారు, దాని ప్రతిని అవతలి విశ్వవిద్యాలయానికి ముందే చూపించాలి.

ఇక మన చట్టాలు. చెరువులో పట్టిన రొయ్య కణజాలమైనా, మొలగొలుకుల వరి విత్తనమైనా విదేశీ ప్రయోగశాలకు పార్సిల్ కట్టేముందు, 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలో లేదో తేల్చుకోవాలి. మన ఒంగోలు గిత్తలు ఏ చట్టమూ లేని రోజుల్లో ఓడలెక్కి బ్రెజిల్ చేరి, అక్కడ ‘నెలోర్’ పేరుతో మందలు మందలుగా పెరిగాయి. ఆ పేరు నెల్లూరుదే, లాభం మాత్రం మనది కాదు. కొన్ని వ్యాధికారక సూక్ష్మజీవులు, కొన్ని రకాల సాంకేతిక సమాచారం ‘స్కోమెట్’ జాబితాలోకి, అంటే అనుమతి లేకుండా ఎగుమతి చేయకూడనివాటి ప్రభుత్వ జాబితాలోకి, వస్తాయి, ఈమెయిల్‌లో పంపినా అది ఎగుమతి కిందే లెక్క. ఇక్కడ కనిపెట్టినదానికి విదేశంలో పేటెంటు వేయాలంటే, పేటెంట్ల చట్టం 39వ సెక్షన్ ప్రకారం ముందుగా అనుమతి తీసుకోవాలి, లేదా భారతదేశంలో దరఖాస్తు వేసి ఆరు వారాలు ఆగాలి.

ప్రయోగశాలలో అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఇచ్చే అలవాటును ఈ ప్రపోజళ్ల సీజనుకు ముందే మానుకోవాలి. పీజీ విద్యార్థి చదువు ముగించి వెళ్లిన మూడేళ్లకు కూడా అతని ఫోనులో ప్రాజెక్టు డేటా తెరుచుకుంటే, ఆ తప్పు విద్యార్థిది కాదు.

గడువు విషయంలో మరొకటి. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ గడువు సాధారణంగా సమర్పించే సంస్థ ఉన్నచోటి సాయంత్రం 5 గంటలు. అమెరికా తూర్పు తీరంలో చలికాలపు 5 గంటలంటే మనకు తెల్లవారుజామున మూడున్నర. అదే కాలంలో మనకు ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫాన్లు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది మట్టిని కోసుకుపోయిన రోజుల్లో జిల్లాలో ఎన్నో ఊళ్లు కరెంటు లేక, ఫోన్లు పలకక గడిపాయి. నవంబరు, డిసెంబరు గడువులున్నవారు ఆర్కిడ్ ఐడీ (ప్రతి పరిశోధకుడికీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య), శిక్షణ సర్టిఫికెట్, సంతకం చేసిన పత్రాలను దసరా సెలవుల్లోనే అవతలివారికి పంపి, అందినట్టు వారి జవాబు వచ్చాకే ఫైలు మూయాలి.