సముద్రంలో ఎవరి తిండి ఎవరు? పాఠం 4: బాణాల మందం

పోయిన పాఠంలో బేరెంట్స్ సముద్రం (నార్వే, రష్యాలకు ఉత్తరాన ఉన్నది) బొమ్మ గీశాం. మధ్యలో కేప్లిన్ చేప. కింద అది తినే కోపిపాడ్లు, క్రిల్ (రెండూ రొయ్యల్లాంటి చిన్న జీవులు). పైన దాన్ని తినే కాడ్ అనే పెద్ద చేప, హార్ప్ సీల్, గిలిమాట్ అనే సముద్రపక్షి, తిమింగలం. బాణం ఎప్పుడూ తిండి నుంచి తినేదాని వైపుకే. ఆ కాగితం తీయండి. అందులో బాణాలన్నీ ఒకే మందంలో ఉన్నాయి కదా, ఈరోజు అది సరిచేద్దాం.

కేప్లిన్ జానెడు చేప. వేసవిలో ఉత్తరాన మంచు అంచు వరకూ వెళ్ళి మేస్తుంది, చలికాలం చివర్లో గుడ్లు పెట్టడానికి నార్వే, రష్యా తీరాలకు దిగుతుంది. గుడ్లు పెట్టాక చాలావరకు చచ్చిపోతాయి. అందుకే ఒకటి రెండేళ్ళు వరసగా పిల్లలు దక్కకపోతే మంద కూలిపోతుంది.

1980ల మొదట్లో 30 లక్షల టన్నులకు పైగా ఉన్న ఈ మంద 1986కి సుమారు లక్ష టన్నులకు పడిపోయింది. వేట ఒక్కటే కారణం కాదు. 1983లో పుట్టిన హెర్రింగ్ అనే చేప పిల్లలు విపరీతంగా దక్కాయి, అవి ఈ సముద్రంలోనే పెరుగుతూ కేప్లిన్ లార్వాలను (గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్లలను) మేశాయి. కాబట్టి కేప్లిన్ లార్వా నుంచి హెర్రింగ్ పిల్లకు ఒక బాణం గీయండి. చాలామంది మర్చిపోయేది దీన్నే, రెండూ చిన్న చేపలే కదా అని.

తర్వాత ఏమైంది? కాడ్ చిక్కిపోయి, సొంత జాతి పిల్లల్నే ఎక్కువగా తిన్నది. సీళ్ళు గుంపులుగా నార్వే తీరానికి వచ్చిపడ్డాయి. ఈ సముద్రంలోని బేర్ ఐలాండ్ దీవిలో అయితే 1986-87 చలికాలంలో గిలిమాట్లు ఐదింట నాలుగు వంతులు పోయాయి.

1990ల మధ్యలో కేప్లిన్ మళ్ళీ కూలింది, 2003 తర్వాత ఇంకోసారి. నష్టం మాత్రం మొదటిసారి అంత లేదు, ఎందుకంటే అప్పుడు వేరే తిండి కొంత దొరికింది.

కాబట్టి మందం వేసే ముందు ప్రతి బాణాన్నీ ఒకటే అడగండి: ఇది పోతే, ఆ ఏడాది ఇంకేం దొరుకుతుంది? ఏమీ లేకపోతే లావు గీత, ఉంటే సన్న గీత. కాగితం మూల సంవత్సరం రాయకపోతే ఈ బొమ్మకు అర్థమే లేదు.

అభ్యాసం: 1986కి ఒకటి, 1995కి ఒకటి, రెండు బొమ్మలు వేయండి. గిలిమాట్ బాణం రెండింటిలో ఒకే మందంలో వస్తే మళ్ళీ మొదలుపెట్టాలి. వచ్చే పాఠంలో కెనడా తూర్పున ఉన్న న్యూఫౌండ్‌లాండ్ దీవికి వెళ్దాం. అక్కడ కేప్లిన్ అలలతో పాటు గులకరాళ్ళ ఒడ్డుకే వచ్చి గుడ్లు పెడుతుంది, బొమ్మలోకి ఒడ్డును కూడా తేవాలి.