స్టీవార్డ్ (హోటల్లో ఆర్డర్ తీసుకుని వడ్డించేవాళ్లు) బ్యాచ్‌కి ట్రైనింగ్ ఇస్తున్నారా? హోటల్ వాళ్లు అడిగేది ఇదీ

గ్రామీణ యువతకు ఉద్యోగ శిక్షణ ఇచ్చే కేంద్ర పథకం డీడీయూ-జీకేవై 2014లో మొదలైంది. అందులో శిక్షణ పొందినవాళ్లలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలనే షరతు ఉంది. దాంతో మన ట్రైనర్ల టెన్షనంతా ఆ లెక్క మీదే ఉంటుంది. హోటల్‌కి కావాల్సింది మాత్రం మూడు నెలల తర్వాత కూడా పనిలో ఉండే మనిషి. హోటల్లో కెప్టెన్‌గా (స్టీవార్డ్‌ల పని చూసుకునే పైవాడిగా) చేసి ట్రైనింగ్‌లోకి వచ్చినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

సిలబస్ తెరిచే ముందు, పిల్లల్ని తీసుకునే హోటల్‌కి వెళ్లి, కొత్తవాళ్లు మొదటి వారంలో ఎక్కడ తడబడుతున్నారో మేనేజర్‌ని అడగండి. ఇంగ్లీష్ రాదంటారనుకుంటాం గానీ నాకు ఎక్కువసార్లు వినిపించింది వేరే: నిలబడలేకపోతున్నారు, చెప్పకుండా మానేస్తున్నారు, తప్పు జరిగితే దాచేస్తున్నారు.

అందుకే రెండో వారం నుంచి కుర్చీలు తీసేయండి. రోజుకు గంటతో మొదలుపెట్టి నాలుగు గంటల దాకా, నీళ్లు నింపిన గ్లాసుల ట్రేతో నడిపించండి. బ్రేక్ షిఫ్ట్ అంటే పొద్దున వచ్చి, మధ్యాహ్నం ఖాళీగా ఉండి, మళ్లీ సాయంత్రం ఎక్కి రాత్రి పదకొండు దాకా ఉండటమని పిల్లలకే కాదు, వాళ్ల అమ్మానాన్నలకీ ముందే చెప్పండి. ఇది దాచి ప్లేస్‌మెంట్ చూపించడం మోసమే.

ఆర్డర్ తీసుకున్నాక గెస్ట్‌కి తిరిగి చదివి వినిపించాలి, ఆ తర్వాతే కేఓటీ (కిచెన్‌కి పంపే ఆర్డర్ చీటీ). "వేరుశెనగ పడదు" అన్నారంటే కేఓటీలో రాయడమే కాదు, కిచెన్‌లో నోటితో కూడా చెప్పాలి. "అందులో ఉండదు లెండి" అని ఊహించి చెప్పడం ఒక్కసారి కూడా ఒప్పుకోకండి.

వెజ్ బిర్యానీ అడిగిన టేబుల్‌కి చికెన్ బిర్యానీ వెళ్లిపోయింది, ఇప్పుడేం చేస్తావు? దీన్ని వారం వారం ఆడించండి. సారీ చెప్పి, ప్లేటు తీసి, వెంటనే కెప్టెన్‌కి చెప్పాలి. క్లాసులో గ్లాసు పగిలినప్పుడు మీరు అరిచారనుకోండి, దాచడం వాళ్లు మీ దగ్గరే నేర్చుకుంటారు.

ఇక ట్రైనర్ సంగతి. నెలకి రెండు సర్వీసులైనా హోటల్ ఫ్లోర్ మీద, అంటే వడ్డించే హాల్లో ఉండండి. నేను రెండేళ్లు వెళ్లకుండా చేతిరాత కేఓటీయే నేర్పాను, అక్కడేమో ట్యాబ్‌లో పంచ్ చేస్తున్నారు. మొదటి రోజే ముగ్గురు పిల్లలు బెదిరిపోయారు, ఆ తప్పు పూర్తిగా నాది.

పిల్లలు చేరిన మూడో రోజు, పదో రోజు, నెల నిండాక ఫోన్ చేయండి. వాళ్ల సూపర్‌వైజర్‌కీ చేయండి, మానేయాలనే ఆలోచన చాలావరకు ఆ పది రోజుల్లోనే బయటపడుతుంది.