పద్మిని కారు ముందు అద్దం మార్చాక నీళ్లు కారుతున్నాయా? అద్దాన్ని తిట్టకండి

కడపలో మా పాత ప్రీమియర్ పద్మిని కారుకి ముందు అద్దం, దాని చుట్టూ ఉండే రబ్బరు, ఆ రబ్బరు గాడిలో దూర్చే మెరుపు పట్టీ (క్రోమ్ బీడింగ్) మూడూ కొత్తవి వేయించిన వారానికే వాన పడి, డ్రైవర్ కాళ్ల దగ్గర మ్యాటు తడిసి ముద్దయింది. బిగించినతను రబ్బరు చుట్టూ సిలికాన్ పూసి పంపాడు. మళ్లీ వాన, మళ్లీ అవే నీళ్లు.

నీళ్లు కారితే: నీళ్లు పడే చోటు వేరు, దూరే చోటు వేరు. లోపల ఒకరు టార్చితో కూర్చోండి, బయట ఒకరు పైపుతో కింద నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి తడపండి. వైపర్ల మొదట్లో పోసినప్పుడే కారితే అద్దం జోలికి పోవద్దు, అక్కడి చిన్న రబ్బరు వాషర్లు మారిస్తే చాలు. అద్దం కింది మూలల్లో కారితే మాత్రం అనుమానించాల్సింది రబ్బరు కూర్చునే రేకు అంచునే. మా బండిలో ఎడమ మూల గోరుతో గీరితే తుప్పు బిస్కెట్టులా పొరలు పొరలుగా రాలింది, ఎవరో ఎప్పుడో దానిమీదే పుట్టీ పెట్టి పెయింటు కొట్టేశారు! మెరిసే రేకు వచ్చేదాకా గీకి, చిల్లు ఉంటే టింకరింగ్‌లో ముక్క అతికించి, ప్రైమరు, పెయింటు బాగా ఆరాకే అద్దం పెట్టాలి. పుల్లటి వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ అసలు వద్దు, ఆరేటప్పుడు అది వదిలే యాసిడ్ ఒట్టి రేకును తినేస్తుంది. గట్టిపడకుండా మెత్తగా ఉండే సీలెంట్ రబ్బరు గాడిలో పెట్టించండి.

దెబ్బ తగలకుండానే మూల నుంచి పగులు వస్తే: రేకు అంచుమీద వెల్డింగ్ గడ్డో పుట్టీ గడ్డో అద్దాన్ని నొక్కుతోంది, ఎండకు కాగేసరికి అక్కడే చీలింది. బిగించే ముందే రబ్బరు లేకుండా అద్దాన్ని చిన్న రబ్బరు ముక్కల మీద నిలబెట్టి, చుట్టూ సందు సమానంగా ఉందో లేదో చూసి, తగ్గిన చోట ఆకురాయి వేయండి. కొనేది ల్యామినేటెడ్ అద్దమే కావాలి, అంచు వైపు నుంచి చూస్తే రెండు గాజుల మధ్య పొర సన్నగా కనిపిస్తుంది.

రబ్బరు లోపలి అంచు రేకు మీదికి ఎక్కకపోతే: రబ్బరు బిగుసుకుపోయింది. మేం మిద్దె మీద ఎండకు కాలిన కడప బండ మీద అరగంట పరిచాం, జంతిక పిండిలా మెత్తబడింది. ముందు రబ్బరు అద్దానికి ఎక్కించి, రేకు కూర్చునే గాడిలో సన్నని నైలాన్ తాడు చుట్టూ తిప్పి, కొసలు కింద మధ్యలో జానెడు ఒకదానిమీద ఒకటి వచ్చేలా వదలండి. సబ్బునీళ్లు రాసి, బయట ఒకరు అరచేత్తో నొక్కుతుంటే లోపల ఒకరు తాడు మెల్లగా లాగాలి. నూనె, గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బి పాడైపోతుంది.

స్పీడులో ఈల వస్తే: నాకిది రాయచోటి దారిలో, గువ్వలచెరువు ఘాటు చేరకముందే మొదలైంది, పాలకోవా కొనుక్కునే మూడ్ కూడా పోయింది. రబ్బరు అంచు ఎక్కడో లోపలికి మడుచుకుని ఉంటుంది. జానెడు జానెడు చొప్పున టేపు అంటించి నడపండి, ఈల ఆగిన చోటే తప్పు. మొండి ప్లాస్టిక్ పుల్లతో అంచు బయటికి తీస్తే సరి, స్క్రూడ్రైవర్ పెడితే రబ్బరు కోసుకుపోతుంది.

బీడింగ్ మూలల్లో లేస్తే: ప్లాస్టిక్ మీద క్రోమ్ ఉన్న రకాన్ని సాగదీసి నొక్కి ఉంటారు, రెండు రోజులకు అది ముడుచుకుని మూలల్లో పైకి లేస్తుంది. సాగదీయకుండా గాడిలోకి వదులుగా తోసుకుంటూ పోయి, కొసన వేలెడు ఎక్కువ ఉంచి, మర్నాడు కత్తిరించండి.