కొత్త రైడ్ వచ్చినా థీమ్ పార్కు పుంజుకోలేదా? ఎక్కడ వెతకాలి, ఏం సరిచేయాలి

కొత్త రైడ్ తెరిచాక పార్కు నడిపేవాళ్లు మొదట అడిగేది "జనం పెరిగారా?" అని. ఆ ఒక్క ప్రశ్నతో ఆగిపోతే సమస్య సగమే కనబడుతుంది. గేటు దగ్గర జనం లెక్క ఒకటి, వచ్చినవాళ్లు ఎంత తృప్తిగా వెళ్లారన్నది ఇంకొకటి, మనిషికి సగటున ఎంత ఖర్చు పెట్టారన్నది మూడోది. ఈ మూడూ కలిసి పెరుగుతాయని అనుకుంటాం కానీ, చాలాసార్లు ఒకటి పెరగడమే ఇంకొకటి పడిపోవడానికి కారణమవుతుంది. అందుకే లక్షణం ఒక చోట కనబడితే కారణం మరో చోట వెతకాల్సి వస్తుంది. నా ఉద్దేశంలో ఆ కారణం ఎక్కువసార్లు దొరికేది క్యూలోనే.

వెతికే ముందు ఒక జాగ్రత్త

పెరుగుదలైనా తరుగుదలైనా దేనితో పోల్చి చెబుతున్నారో చూసుకోండి. పోయిన నెలతో పోలిస్తే ఉపయోగం లేదు. నిరుడు ఇదే వారంతో, అవే సెలవులతో, వీలైతే అలాంటి వాతావరణం ఉన్న రోజులతోనే పోల్చాలి. అదే సమయంలో ఇంకేం మారిందో కూడా రాసుకోవాలి. పారిస్ దగ్గరి డిస్నీ పార్కు 1992లో మొదలై నష్టాల్లో కూరుకుపోయింది. 1995 జూన్‌లో అక్కడ స్పేస్ మౌంటెన్ అనే రోలర్ కోస్టర్ తెరిచారు. ఆ ఆర్థిక సంవత్సరంలో సందర్శకులు సుమారు 88 లక్షల నుంచి 107 లక్షలకు పెరిగారు, తొలిసారి లాభం కూడా కనబడింది. ఘనతంతా రైడ్‌దే అని రాసేయడం తేలిక. కానీ ఆ వసంతంలోనే టికెట్ ధర సుమారు ఐదో వంతు తగ్గించారు, అంతకు ముందు ఏడాది అప్పుల షరతులు మార్చుకున్నారు. రైడ్ వాటా ఎంతో, చవక టికెట్ వాటా ఎంతో విడదీయకుండా తర్వాతి పెట్టుబడి నిర్ణయిస్తే తప్పు వైద్యం చేసినట్టే.

లక్షణం: ఎంతో ఎదురుచూసిన రైడ్ తెరిచారు, గేటు దగ్గర జనం మాత్రం పెరగలేదు

"రైడ్ నచ్చలేదేమో" అన్న అనుమానం వెంటనే వస్తుంది. కానీ నచ్చిందో లేదో తెలియాలంటే ముందు జనం రావాలి కదా. అసలు ఎందుకు రాలేదో చూడాలి.

కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో 2019 మే 31న స్టార్ వార్స్ గెలాక్సీస్ ఎడ్జ్ తెరిచారు. 14 ఎకరాల కొత్త ప్రాంతం. జూన్ చివరికి ముగిసిన ఆ త్రైమాసికంలో అమెరికాలోని డిస్నీ పార్కుల సందర్శకుల సంఖ్య 3 శాతం తగ్గింది. అదే సమయంలో తలసరి ఖర్చు పెరిగింది! మూడు లెక్కలూ వేర్వేరు దారుల్లో వెళ్తాయని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. ఇసక వేస్తే రాలనంత జనం ఉంటారని ముందే ప్రచారమైంది. చుట్టుపక్కల హోటళ్లు ధరలు పెంచాయి, పార్కు టికెట్ ధర కూడా పెరిగింది. మొదటి మూడు వారాలకు పైగా ఆ ప్రాంతంలోకి రిజర్వేషన్ ఉంటేనే ప్రవేశం. కొన్ని రకాల వార్షిక పాసులు ఆ రోజుల్లో చెల్లలేదు. పైగా మొదటి రోజు సిద్ధంగా ఉన్నది ఒక్క రైడే. రెండో పెద్ద రైడ్ అక్కడ 2020 జనవరిలో గానీ రాలేదు. "అన్నీ తెరిచాకే వెళ్దాం, రద్దీ తగ్గాక వెళ్దాం" అనుకున్నవాళ్లు ఆగిపోయారు. వాళ్లు అలా అనుకోవడంలో తప్పేమీ లేదు.

ఇక్కడ చేయాల్సిన పని రైడ్ మీద కాదు, చెప్పే మాట మీద. ఏ రోజుల్లో ఖాళీగా ఉంటుందో, ఎంతసేపు నిలబడాల్సి వస్తుందో ముందే స్పష్టంగా ప్రకటించాలి. పాసులున్న పాత సందర్శకులను పూర్తిగా బయట పెట్టకుండా వారం మధ్యలో వాళ్లకు కొన్ని రోజులు ఇవ్వాలి. ప్రధాన రైడ్ పూర్తి కాకముందే ప్రాంతం తెరవాల్సి వస్తే, ప్రచారాన్ని రెండు భాగాలు చేసి పెద్ద భాగాన్ని రెండో రైడ్‌కి దాచుకోవాలి.

లక్షణం: జనం పెరిగారు, కానీ విసుగ్గా ఇంటికి వెళ్తున్నారు

అన్నిటికంటే ఎక్కువగా కనబడేది, ఎక్కువ నష్టం చేసేది ఇదే. కాబట్టి దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

ముందు ఒక కాగితం మీద లెక్క వేయండి. ఒక రోలర్ కోస్టర్ రైలులో 24 సీట్లు ఉన్నాయనుకుందాం. 90 సెకన్లకు ఒక రైలు కదిలితే గంటకు 40 రైళ్లు, అంటే 960 మంది. బెల్టులు సరిచూడటంలో, సంచులు పక్కన పెట్టించడంలో ఆలస్యమై రెండు నిమిషాలకు ఒక రైలు కదిలితే గంటకు 720 మందే. పది గంటల రోజులో 2,400 సీట్లు గాలికి పోయాయి. ఆ రోజు పార్కుకి 20,000 మంది వచ్చారనుకోండి. రైడ్ ఒక్క నిమిషం కూడా ఆగకుండా పూర్తి వేగంతో నడిచినా ఎక్కగలిగేది 9,600 మంది. అంటే ఆ రోజు వచ్చినవాళ్లలో సగానికి పైగా కొత్త రైడ్ ఎక్కకుండానే వెళ్లిపోవచ్చు. రైడ్ ఎంత బాగుంటే వాళ్ల అసంతృప్తి అంత ఎక్కువ. సర్వేలో తక్కువ మార్కులు వేసింది ఎక్కినవాళ్లా, ఎక్కలేకపోయినవాళ్లా అని విడిగా చూడండి. ఈ ఒక్క పని చేస్తే చాలా అపార్థాలు తొలగిపోతాయి.

కారణం రైలు కదిలే వేగమే అయితే మందు చవక. రైలెక్కే చోట ఇంకో ఇద్దరు మనుషులు, సంచులు పెట్టుకోవడానికి ముందే లాకర్లు, ఎవరు ఏ వరుసలో కూర్చోవాలో ముందే చెప్పడం. ముగ్గురు ఎక్కాక నాలుగో సీటు ఖాళీగా పోతుంటే ఒంటరిగా ఎక్కేవాళ్లకు వేరే వరుస పెట్టాలి. కొత్త రైడ్ కొనడానికి కోట్లు పెట్టినవాళ్లు ఈ ఇద్దరు మనుషుల జీతం దగ్గర వెనకాడటం చూస్తే నిజంగా బాధేస్తుంది.

కారణం రైడ్ మాటిమాటికీ ఆగిపోవడం అయితే అంత తేలిక కాదు. అమెరికాలోని ఓర్లాండోలో యూనివర్సల్ కంపెనీ నడిపే ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ పార్కులో 2019 జూన్ 13న హాగ్రిడ్ మోటార్‌బైక్ కోస్టర్ తెరిచినప్పుడు మొదటి రోజే నిరీక్షణ పది గంటల దాకా వెళ్లింది. ఆ తర్వాత కొన్ని వారాలు రైడ్‌ను ఉదయం కాకుండా ఆలస్యంగా తెరుస్తూ వచ్చారు. అమెరికాలోనే సీడార్ పాయింట్ పార్కులో టాప్ థ్రిల్ 2 కోస్టర్ 2024 మే నెల మొదట్లో తెరిచి, పది రోజులైనా గడవకముందే మూసేశారు. ఆ సీజన్‌లో మళ్లీ నడవలేదు. కొత్త యంత్రం మొదట్లో మొరాయించడం సహజమే. సందర్శకుడికి కోపం వచ్చేది ఆ విషయం గేటు దాటి లోపలికొచ్చాక తెలిసినప్పుడు. అందుకని ప్రచారంలో చెప్పే తేదీకి ముందే కొన్ని వారాలు నిశ్శబ్దంగా నడిపి చూడాలి. రైడ్ ఆగిన రోజు ఆ సంగతి టికెట్ కొనే చోటే చెప్పాలి. క్యూలో ఉన్నవాళ్లకు ఇంకో రైడ్ ముందుగా ఎక్కే చీటీ ఇవ్వాలి.

నిరీక్షణ ఎంతసేపన్నది ఒక సంగతి, దాన్ని ఎలా చెబుతారన్నది ఇంకో సంగతి. బోర్డు మీద 60 అని చూసి 75 నిమిషాలు నిలబడ్డవాడు మండిపడతాడు. 90 అని చూసి 80కే ఎక్కినవాడు సంతోషిస్తాడు, నిలబడ్డది ఎక్కువసేపైనా సరే. నీడ, తాగునీరు, పిల్లల్ని మధ్యలో టాయిలెట్‌కి తీసుకెళ్లి మళ్లీ వరుసలో కలిసే వీలు, కనీస ఎత్తు ఎంతో క్యూ మొదట్లోనే కొలిచి చెప్పడం కూడా రైడ్‌లో భాగమే. గంటన్నర నిలబడ్డాక "బాబు ఎత్తు సరిపోలేదు" అంటే ఆ కుటుంబానికి ఆ రోజంతా పాడైపోయినట్టే.

డబ్బు కట్టి ముందు వెళ్లే వరుస గురించి కూడా ఒక మాట చెప్పాలి. డిస్నీ 1999లో తెచ్చిన ఫాస్ట్‌పాస్ అనే ముందు వరుస చీటీ అమెరికా పార్కుల్లో ఉచితంగానే ఉండేది. 2021లో దాని స్థానంలో డబ్బు కట్టే పద్ధతి వచ్చింది. దీనివల్ల తలసరి ఆదాయం పెరుగుతుంది, నిజమే. కానీ సీట్లు పెరగవు. ముందు వరుసకు ఇచ్చిన ప్రతి సీటూ మామూలు వరుస నుంచి తీసుకున్నదే. మామూలు వరుసకు సీట్లలో ఇంత వాటా తప్పకుండా ఉండాలని ఒక హద్దు పెట్టుకోకపోతే ఖర్చు లెక్క పెరుగుతుంది, తృప్తి లెక్క పడిపోతుంది. మరుసటి ఏడాది గేటు లెక్క కూడా దాని వెంటే వెళ్తుంది.

లక్షణం: జనం పెరిగారు, తలసరి ఖర్చు తగ్గింది

మళ్లీ క్యూ లెక్కే. గంటకు 1,000 మంది ఎక్కే రైడ్‌కి గంటన్నర నిరీక్షణ ఉందంటే, ఏ క్షణంలో చూసినా 1,500 మంది ఆ వరుసలో నిలబడి ఉన్నట్టు. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఇదే. ఆ 1,500 మంది ఆ సమయంలో ఏమీ తినలేరు, ఏమీ కొనలేరు.

సరే, క్యూ తీసేసి ఫోన్‌లో నంబర్ ఇచ్చి పంపేద్దాం అనుకుంటారు. అప్పుడు ఆ 1,500 మంది ఒక్కసారిగా దారుల మీదికి వస్తారు. వాళ్లకు సరిపడా కుర్చీలు, కౌంటర్లు, చిన్న ప్రదర్శనలు ఉంటే ఖర్చు పెరుగుతుంది. లేకపోతే క్యూ రైడ్ దగ్గర నుంచి తిండి కౌంటర్ దగ్గరికి మారుతుంది, అంతే. నంబర్ పద్ధతి పెట్టేముందు ఆ మనుషుల్ని ఎక్కడ కూర్చోబెడతారో తేల్చుకోండి.

ఇంకో కారణం సగటులోనే ఉంటుంది. కొత్త రైడ్ చూడటానికి సీజన్ పాస్ ఉన్నవాళ్లు పదేపదే వస్తారు, సాయంత్రం రెండు గంటలు ఉండి ఇంట్లో భోజనానికి వెళ్లిపోతారు. వాళ్లు పెరిగితే సగటు తగ్గుతుంది. ఎవరూ తక్కువ ఖర్చు పెట్టడం మొదలుపెట్టకపోయినా తగ్గుతుంది. పాసువాళ్లను, ఒకరోజు టికెట్‌వాళ్లను విడగొట్టి చూశాకే కంగారు పడండి.

మూడో కారణం, రైడ్ బయట అమ్మే వస్తువు ఎక్కడైనా దొరికేదే కావడం. 2010 జూన్‌లో ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌లో హ్యారీ పాటర్ ప్రాంతం తెరిచినప్పుడు అక్కడ మంత్రదండాలు, ఆ కథల్లోని బటర్‌బీర్ అనే పానీయం అమ్మారు. మంత్రదండం కొనే దుకాణంలో చిన్న ప్రదర్శన ఉంటుంది, అంటే కొనడమూ చూడదగ్గ అనుభవమే. గెలాక్సీస్ ఎడ్జ్‌లో సొంత లైట్‌సేబర్‌ను (స్టార్ వార్స్ సినిమాల్లోని వెలుగు కత్తిని) తయారుచేసుకునే చోట మొదట పెట్టిన ధర 199.99 డాలర్లు. అంత ధరకూ కొన్నారంటే కారణం వస్తువు ఒక్కటే కాదు, చేతులతో చేసుకున్న ఆ కొద్ది నిమిషాలు కూడా. జపాన్ యూనివర్సల్‌లో 2021 మార్చిలో తెరిచిన సూపర్ నింటెండో వరల్డ్‌లో చేతికి కట్టుకునే బ్యాండ్ విడిగా అమ్ముతారు, అది ఉంటేనే అక్కడి ఆటలు కొన్ని పూర్తిగా ఆడగలరు. ఆటలో భాగమైన వస్తువు అమ్ముడుపోతుంది. రైడ్ పేరు ముద్రించిన కప్పు అంతగా పోదు.

లక్షణం: కొత్త రైడ్ దగ్గర కిటకిట, మిగతా పార్కు వెలవెల

ఇది మంచి సంకేతమే, వాడుకోవడం తెలిస్తే. కొత్త రైడ్‌ను గేటు పక్కన పెట్టి ఉంటే దారి అంతా అక్కడే ఆగిపోతుంది. దాన్ని పార్కు లోపలి చివర పెడితే వెళ్తూ వస్తూ మిగతావి కనబడతాయి. కట్టేశాక జరపలేరు కాబట్టి ప్రదర్శనల వేళలు మార్చి జనాన్ని మిగతా పార్కు వైపు లాగాలి. యూనివర్సల్ ఓర్లాండో 2014 జూలైలో రెండో హ్యారీ పాటర్ ప్రాంతాన్ని పక్క పార్కులో కట్టి, రెండింటి మధ్య రైలు వేసింది. ఆ రైలెక్కాలంటే రెండు పార్కులకూ చెల్లే టికెట్ కావాలి. జనం రెండు పార్కుల్లోకీ సర్దుకున్నారు, టికెట్ ఆదాయమూ పెరిగింది.

లక్షణం: మొదటి ఏడాది పొంగు, రెండో ఏడాది చప్పగా

ఒంటరి రైడ్‌కి ఇది మామూలే. చూడాలనుకున్నవాళ్లు మొదటి ఏడాదే చూసేస్తారు, ఇంకొందరు రెండో ఏడాది రావాల్సినవాళ్లు ముందే వచ్చేస్తారు. ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌లో మాత్రం అలా జరగలేదు. థీమ్డ్ ఎంటర్‌టైన్‌మెంట్ అసోసియేషన్ అంచనాల ప్రకారం అక్కడ 2009లో సుమారు 46 లక్షల మంది, 2010లో 59 లక్షలు, 2011లో 76 లక్షలకు పైగా వచ్చారు. 2010లో ఆ ప్రాంతం నడిచింది ఆరు నెలలే కాబట్టి 2011 పెరుగుదలలో కొంత అందువల్ల వచ్చిందే. అయినా నడవడానికి, తినడానికి, ఊరికే చూస్తూ కూర్చోవడానికి ఒక చోటు ఉండటం వల్లనే మళ్లీ వచ్చేవాళ్లు తగ్గలేదని నేను నమ్ముతాను.

కాలిఫోర్నియా డిస్నీల్యాండ్ పక్కనే డిస్నీ కట్టిన రెండో పార్కు, కాలిఫోర్నియా అడ్వెంచర్ కథ కూడా అటువంటిదే. 2001లో తెరిచాక ఏళ్ల తరబడి ఆశించినంత జనం రాలేదు. ఒక రైడ్ పెట్టి చూద్దాం అన్న మందు దానికి పని చేయలేదు. 2007లో మొత్తం పార్కును మార్చే ప్రణాళిక ప్రకటించి, 2010లో రాత్రి నీటి ప్రదర్శన, 2011లో ఒక కొత్త రైడ్, 2012 జూన్ 15న 'కార్స్' సినిమా ఆధారంగా కట్టిన కార్స్ ల్యాండ్ ప్రాంతం, దానితోపాటే కొత్త ప్రవేశ వీధి తెచ్చారు. 2011లో 63 లక్షలున్న సందర్శకులు 2012లో 77 లక్షలు దాటారు.

కాబట్టి డబ్బంతా ఒకే తేదీకి ఖర్చు పెట్టకండి. పెద్ద రైడ్‌ తర్వాతి రెండేళ్లకు చిన్నవి కొన్ని చేతిలో ఉంచుకోండి: ఒక రాత్రి ప్రదర్శన, చిన్న పిల్లలు ఎక్కగలిగే ఒక రైడ్, కూర్చుని తినే ఒక చోటు. రెండో ఏడాది బడ్జెట్ అడిగే రోజున మొదటి ఏడాది ఆ రైడ్ ఎక్కలేకపోయినవాళ్ల లెక్క కూడా బల్ల మీద పెట్టండి. వాళ్లలో ఎంతమంది తిరిగి వచ్చారో టికెట్ రికార్డుల్లోనే దొరుకుతుంది.