ఊరి చరిత్ర, బడి చరిత్ర రాయడం ఎలా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని ఒక చిన్న పల్లెకు చరిత్ర రాయదలచినవారు మొదట ఆ ఊరి బడిలోని అడ్మిషన్ రిజిస్టరు తెరవాలి. ఏ ఇంటిపేరు ఊరిలో ఎప్పుడు కనిపించిందో, ఏ ఇంటి పిల్లలు ఎప్పుడు కనుమరుగయ్యారో అంత నిక్కచ్చిగా చెప్పే కాగితం మరొకటి లేదని నా నమ్మకం. ప్రధానోపాధ్యాయుల అనుమతితో ఆ గదిలోనే కూర్చుని, అట్ట మొదలుకొని చివరి పుట వరకు వరుస తప్పకుండా ఫొటోలు తీసుకోవాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను దెబ్బతిన్న ఉద్దానం వంటి చోట్ల తడిసి అంటుకున్న పుటలు ఎదురైతే వాటిని బలవంతంగా విడదీయరాదు.

రిజిస్టరులో అన్నిటికన్నా విలువైనది ‘బడి విడిచిన కారణం’ అనే గడి. నేను చూసిన ఒక పాత పుటలో, వెలిసిపోయిన నీలి సిరాతో, ఐదుగురు ఆడపిల్లల పేర్లకు ఎదురుగా ‘ఇంటి పని’ అని, వారి కింద అన్నదమ్ములిద్దరికి ‘వలస’ అని ఒకే చేతిరాతలో ఉంది. అటువంటి మాట కనబడిన ప్రతి ఇంటికీ వెళ్లి, ఆ పిల్లలు తరువాత ఏమయ్యారో అడిగి రాసుకోవాలి. నాకు తెలిసి ఊరి అసలు కథ అక్కడే దొరుకుతుంది. పుట్టిన తేదీలను మాత్రం అంతగా నమ్మరాదు. పుట పొడవునా జులై 1 అనే ఉంటే అది పంతులుగారు వేసిన అంచనా అనుకోవాలి.

తరువాత భూమి రికార్డులు చూడాలి. ఇక్కడి ఊళ్లు చాలావరకు విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి వంటి జమీందారీల కింద ఉండేవి కనుక, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌లో (ఊరి భూముల వివరాలు నమోదు చేసిన రిజిస్టరులో) చెరువు, బంజరు, సాగుభూమి వివరాలు వెతకాలి. శ్రీకాకుళం, టెక్కలి వైపు ఊళ్లు 1936 వరకు గంజాం జిల్లాలో, ఆపైన విశాఖపట్నం జిల్లాలో ఉండి, 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చాయి. అందువల్ల ఒకే ఊరి కాగితాలను మూడు జిల్లాల పేర్ల కింద వెతకవలసి ఉంటుంది. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979లో.

పెద్దలను కలిసినప్పుడు సంవత్సరం అడిగితే తడబడతారు. ‘రంగం (బర్మాలోని రంగూన్) పోయినవాళ్లు నడిచి తిరిగొచ్చిన ఏడు’ అంటే బర్మాపై జపాను దాడి జరిగిన 1942 ప్రాంతమని మనమే లెక్కకట్టుకుని, బడి తాటాకు పాకలో ఉన్నది దానికి ముందా, తరువాతా అని అడగాలి. ఊరి పేరు చివర ‘వలస’ ఉంటే, మొదటి కుటుంబాలు ఎక్కడినుంచి వచ్చాయో తప్పక అడగాలి. ఇద్దరు రెండు విధాలుగా చెబితే రెండింటినీ, చెప్పినవారి పేర్లతో సహా, పక్కపక్కనే రాయాలి.