బోరు నీళ్ల ఊళ్లలో బట్ట బ్యాగు ఎలా ఉతకాలి?

కాలేజీకో, డ్యూటీకో రోజూ భుజానికి వేసుకునే బ్యాగు మురికితో పాడయ్యేది తక్కువ, ఉతుకుడుతో పాడయ్యేదే ఎక్కువ. బండ మీద బాదడం, రాత్రంతా సర్ఫులో నానబెట్టడం, మిట్టమధ్యాహ్నం డాబా మీద ఆరేయడం. పాడైన బ్యాగుల్లో ఎక్కువ వాటికి ఈ మూడింట్లో ఒకటి జరిగి ఉంటుంది. నల్లగొండ, పాలమూరు వైపు వీటికి తోడు బోరు నీళ్లు. ఇక్కడి నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ బట్టలకు దానితో పేచీ లేదు. నురగ రానివ్వనివి కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు. నురగ రాలేదని ఇంకో గుప్పెడు సర్ఫు వేస్తాం. అది స్పాంజిలోకి దిగి బయటికి రాదు. ఆరాక పట్టీలు అట్టలా బిగుసుకుంటాయి, నల్ల బ్యాగు మీద తెల్లని చారలు తేలుతాయి.

కాబట్టి ముందు నీళ్ల సంగతి చూసుకోండి. నల్లాలో కృష్ణా నీళ్లు వచ్చే ఇల్లైతే ఆ పూట రెండు బకెట్లు పట్టి పక్కన పెట్టండి. ఉతకడానికి బోరు నీళ్లు వాడినా, చివరి జాడింపు మాత్రం నల్లా నీళ్లతోనే కానివ్వండి.

తడి తగలకముందే

అన్ని అరలూ ఖాళీ చేసి, జిప్పులన్నీ చివరిదాకా తీసి, బ్యాగును తలకిందులుగా దులపండి. మూలల్లో పెన్సిల్ పొట్టు, బిస్కెట్ పొడి గట్టిపడి ఉంటాయి. పాత టూత్‌బ్రష్‌తో గోకి తీయండి. చెల్క నేలల ఎర్రమట్టి అంటి ఉంటే పూర్తిగా ఎండనిచ్చి పొడి బ్రష్‌తో రాల్చాలి. తడి మట్టిని రుద్దితే అది నేత సందుల్లోకి దిగి, గోధుమరంగు మరకై కూర్చుంటుంది. పత్తి తీతల కాలంలో వెల్‌క్రో నిండా దూది పట్టుకుంటుంది, దాన్ని సూదితో లాగేయండి.

ఇప్పుడు అడుగు భాగాన్ని, వీపు వైపును చేత్తో వంచి చూడండి. వంచితే వంగి అలాగే ఉండిపోయినా, పెళపెళమన్నా లోపల అట్ట ఉన్నట్టు. ఊడదీయగలిగే అట్టయితే తీసి పక్కన పెట్టండి. కుట్టేసి ఉంటే ఆ బ్యాగును నీళ్లలో ముంచొద్దు, తడి గుడ్డతో, బ్రష్‌తో పైపైన తుడిచి సరిపెట్టుకోండి. నానిన అట్ట ఉబ్బుతుంది, పొరలు పొరలుగా విడిపోతుంది, మళ్లీ చదునుగా కాదు.

బ్యాగును తిరగేస్తే లోపలి వైపు పల్చటి, మెరిసే పొర కనిపిస్తుంది. వాన నీళ్లు లోపలికి రాకుండా ఆపేది అదే. ఎక్కువ సేపు నానినా, వేడి నీళ్లు పోసినా అది జిగటపడి పొలుసులుగా రాలుతుంది. ఇప్పటికే రాలుతుంటే బాగుచేసే దారి లేదు. మెత్తని బ్రష్‌తో ఊడేదంతా ఊడదీసేయండి. ఇకమీదట వానలో పుస్తకాలకు కవరు చుట్టుకోవాలి, అంతే.

మరకల పని ముందుగా

నూనె మరకలకు సర్ఫు కన్నా గిన్నెలు తోమే లిక్విడ్ బాగా పనిచేస్తుంది. వీపుకు తగిలే చోట, భుజం పట్టీల మీద నల్లగా మెరిసేది చెమట, దుమ్ము, తలనూనె కలిసిన జిడ్డు. టిఫిన్ డబ్బాలోంచి కారిన మామిడికాయ తొక్కు నూనె కూడా ఆ జాతే. పొడి బట్ట మీదే నాలుగైదు చుక్కలు వేసి వేలితో రుద్ది, పావుగంట ఆగండి. ముందే నీళ్లు పోస్తే లిక్విడ్ పల్చబడి నూనెను పట్టుకోదు.

పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రగా మారితే కంగారు పడొద్దు. పసుపుకు క్షారం తగిలితే ఆ రంగే వస్తుంది, జాడిస్తే మళ్లీ పసుపుకు తిరుగుతుంది. మిగిలిన ఛాయను ఎండే తీసేస్తుంది. బాల్ పెన్ను గీతలకు చేతులకు రాసుకునే శానిటైజర్‌ను దూదికి అద్ది ఒత్తండి. రుద్దితే మరక పాకుతుంది. దూది రంగు మారినప్పుడల్లా కొత్తది తీసుకోండి.

బ్లీచింగ్ ద్రావణం వైపు మాత్రం పోవద్దు. రంగుతో పాటు ఎలాస్టిక్‌నూ తినేస్తుంది.

ఉతకడం

పెద్ద టబ్బులో 10 లీటర్ల చల్లని లేదా గోరువెచ్చని నీళ్లకు రెండు చెంచాల లిక్విడ్ డిటర్జెంట్ చాలు. పొడి కన్నా లిక్విడ్ మేలు, పొడి బోరు నీళ్లలో సరిగా కరగక కుట్ల సందుల్లో మిగిలిపోతుంది. బట్టల సబ్బు బిళ్లతో అదే గొడవ, ఇంకా ఎక్కువ.

కాన్వాస్ బ్యాగైతే లోపలి మూలలో తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు దిగితే నానబెట్టకుండా గబగబా ఉతికి తీసేయాలి. మిగతావి 15 నుంచి 20 నిమిషాలు నానితే చాలు. తర్వాత మెత్తని బ్రష్‌తో బయటి బట్టను, టూత్‌బ్రష్‌తో కుట్లను, జిప్పు పళ్లను, వీపు వైపు జాలీని రుద్దండి. జాలీని గట్టిగా రుద్దితే దారాలు లేచిపోతాయి.

అసలు మురికి ఉండేది భుజం పట్టీల్లో. పట్టీని పిడికిట్లో పట్టి నొక్కండి, టీ రంగు నీళ్లు కారతాయి. వదలండి, నీళ్లు పీల్చనివ్వండి, మళ్లీ నొక్కండి. పదిసార్లకు రంగు తగ్గుతుంది, బాగా వాడిన బ్యాగుకు ఇరవైసార్లు పట్టినా ఆశ్చర్యం లేదు. చాలామంది ఇక్కడే విసుగొచ్చి వదిలేస్తారు. ఉతికిన వారానికే బ్యాగు మళ్లీ కంపు కొట్టేది అందుకే.

వాషింగ్ మెషిన్‌లో వేయకపోవడమే మంచిది. పట్టీలు మెలిపడి బకల్స్ విరుగుతాయి, లోపలి పొర ఊడొస్తుంది.

జాడించడం

ఉతకడానికి పట్టినదానికి రెట్టింపు సేపు దీనికి పడుతుంది. కనీసం మూడు నీళ్లు మార్చండి, ప్రతిసారీ పట్టీలను, వీపు స్పాంజిని నొక్కి పిండండి. బట్టను మెలిపెట్టి పిండొద్దు. అయిందో లేదో ఇలా తెలుసుకోవచ్చు: పట్టీ నొక్కగా వచ్చిన నీళ్లను గ్లాసులో పట్టి గిలకొట్టండి. పైన నురగ నిలిస్తే ఇంకో జాడింపు కావాలి.

చివరికీ బోరు నీళ్లే దిక్కయితే, 5 లీటర్లలో ఒక చెంచా నిమ్మఉప్పు కరిగించి బ్యాగును రెండు నిమిషాలు ముంచి తీయండి. బట్టకు పట్టిన ఉప్పుల తెలుపు తగ్గుతుంది. ఇనుప బకల్స్ ఉంటే అంతకన్నా ఎక్కువ సేపు ఉంచొద్దు, వెంటనే మామూలు నీళ్లతో ఒకసారి కడిగేయండి.

ఆరేయడం

పాత తువ్వాలులో చుట్టి ఒత్తితే సగం నీళ్లు పోతాయి. జిప్పులన్నీ తెరిచి, అరలు బయటికి లాగి, దండేనికి తలకిందులుగా క్లిప్పులు పెట్టండి. నిటారుగా వేలాడదీస్తే నీళ్లన్నీ అడుగున చేరతాయి. నీడ, గాలి ఉండాలి. మన ఏప్రిల్, మే ఎండలో రంగు వెలుస్తుంది, నైలాన్ దారం పట్టు సడలుతుంది. పసుపు మరక మిగిలితే ఆ భాగం ఒక్కటే ఎండకు తిప్పి, మిగతాది గుడ్డతో కప్పి, గంట రెండు గంటలు ఉంచండి.

వేసవిలో బట్ట పూటలో ఆరుతుంది గానీ స్పాంజి ఆరదు. పొడి గుడ్డ చుట్టి పట్టీని గట్టిగా ఒత్తండి. గుడ్డకు తడి తగిలితే ఇంకో రాత్రి ఫ్యాను కింద ఉండాల్సిందే. వానాకాలంలో రెండు రోజులు దాటినా తొందరపడొద్దు, తడి స్పాంజితో పుస్తకాలు సర్దితే బూజు వాసన పట్టుకుంటుంది. అలా పడితే పూర్తిగా ఆరాక రెండు మూడు చెంచాల వంటసోడా లోపల చల్లి, రాత్రంతా మూసి ఉంచి, పొద్దున దులిపేయండి.

ఆరాక జిప్పులు బిగుసుకుపోతాయి, పళ్ల మధ్య బోరు నీళ్ల తెల్లపొడి చేరుతుంది. టూత్‌బ్రష్‌తో దులిపి, కొవ్వొత్తిని పళ్ల మీద రెండువైపులా రుద్ది, రన్నర్‌ను నాలుగైదుసార్లు అటూ ఇటూ నడపండి. కొబ్బరినూనె రాస్తే ఆ క్షణానికి జారుతుంది గానీ వారంలో దుమ్మంతా అక్కడే చేరుతుంది. రన్నర్ వెళ్లాక కూడా పళ్లు విడిపోతుంటే రన్నర్ వదులైనట్టు. దాని రెండు అంచులనూ కటింగ్ ప్లేయర్‌తో చిటికెడంత ఒత్తండి. ఎక్కువ ఒత్తితే అసలు కదలదు.